ఎండలో మెరిసే సముద్రతీర పట్నం: ఇంప్రెషనిస్టు పద్ధతిలో ఎలా వేయాలి?

ఇంప్రెషనిస్టులంటే వివరాల కంటే ఆ క్షణపు వెలుగును విడివిడి బ్రష్ గీతలతో పట్టుకున్న 19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారులు. 1888లో వారిలో ముఖ్యుడు క్లోద్ మోనే, ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని ఆంటీబ్ పట్నాన్ని పక్కనే ఉన్న సాలీ తీరం వైపు నుంచి చూస్తూ వేసిన బొమ్మల్లో ఒకటి ఎదురుగా పెట్టుకోండి. ముందు ఆలివ్ చెట్టు, నడుమ నీళ్లు, అవతల ఎండలో ఊరు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బొమ్మ అక్కర్లేదు.

సామాను: 40×50 సెంటీమీటర్ల కాన్వాస్, గట్టి వెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు నాలుగు, టర్పెంటైన్, పాత గుడ్డలు. ఆయిల్ రంగులు ఆరు: తెలుపు, కాడ్మియం పసుపు, కాడ్మియం ఎరుపు, అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు), కోబాల్ట్ నీలం, విరిడియన్ (చల్లటి ఆకుపచ్చ). అక్రిలిక్ వద్దు. ఆరాక ముదురుతుంది, నీడల లెక్క తప్పుతుంది. నల్ల ట్యూబు కొననే వద్దు, నీడలు కూడా రంగులతోనే వేస్తాం. మోనే తోటి ఇంప్రెషనిస్టు రెన్వార్ తర్వాతి రోజుల్లో నలుపు మళ్లీ వాడాడని వాదిస్తారు. వాడాడు, కానీ ఆయన రెన్వార్.

పసుపులో చిటికెడు ఎరుపు కలిపి, టర్పెంటైన్‌తో పలచన చేసి కాన్వాస్ అంతా పూసి గుడ్డతో తుడిచేయండి. మర్నాడు పలచటి నీలంతో గీతలు గీయండి. కిటికీలు గీయకండి. ఆకాశం, నీళ్లు, ఊరు, చెట్టు పెద్ద ముక్కలుగా నింపండి.

ఇక నీడలు. బొమ్మలు పాడయ్యేది ఇక్కడే. ఎండపడ్డ గోడకు తెలుపులో ఆవగింజంత పసుపు, అందులో సగం ఎరుపు. దాని నీడకు కోబాల్ట్, అలిజరిన్, తెలుపు. తెలుపు 1, నలుపు 10 అనుకుంటే గోడ 2, నీడ 4 లేదా 5. నీడ 7 దాటిందా, ఎండ పోయినట్టే. ఎండను చూపించేది నలుపు తెలుపుల తేడా కాదు, వెచ్చదనం చల్లదనాల తేడా. కళ్లు చిట్లించి చూడండి: నీడ గోడలో పూర్తిగా కలిసిపోతే మరీ లేత, గోడకు కన్నం పడ్డట్టు ఉంటే మరీ ముదురు. గోడ నీడలో కింది భాగానికి నేల మీది ఎండ తిరిగి తగులుతుంది కాబట్టి అక్కడ కాస్త ఎరుపు చేర్చాలి. నేల మీద పడ్డ నీడకు ఆకాశం తగులుతుంది, అది మరింత నీలం. ఫోన్ ఫోటోను నమ్మకండి, అందులో నీడలు నల్లబడిపోతాయి.

వేసిన గీత మీద బ్రష్ మళ్లీ పెట్టకూడదు. పచ్చిగా ఉన్న నీలం మీద నారింజ రెండుసార్లు రుద్దితే బురదే. వెచ్చటి రంగులకు ఒక బ్రష్, చల్లటి వాటికి ఇంకొకటి ఉంచుకోండి. బురదైతే పైన రంగు పూసి కప్పిపుచ్చకండి, కత్తితో గీకి మళ్లీ వేయండి.

ఆరుబయట వేస్తుంటే మొదలుపెట్టిన రెండు గంటల తర్వాత ఆపేయండి. అప్పటికి సూర్యుడు 30 డిగ్రీలు జరిగి నీడలన్నీ మారి ఉంటాయి. మోనే వెలుగు మారగానే కాన్వాస్ మార్చేవాడు. మీరు మర్నాడు అదే వేళకు రండి.

ఆలివ్ ఆకులకు విరిడియన్‌లో కొంచెం అలిజరిన్, తెలుపు. నీళ్లకు అడ్డగీతలు. చిక్కటి తెలుపు మెరుపులు చివర్న, అదీ ఐదారుచోట్లే. వార్నిష్ ఆరు నెలలు ఆగి పూయండి.