కుంచె మొన విచ్చుకుపోతోందా? పారేసే ముందు ఇది చూడండి

నీళ్ళలో ముంచి తీస్తే సూదిలా నిలవాల్సిన మొన చీపురులా విచ్చుకుంటోందంటే, వెంట్రుకలు అరిగిపోయాయనుకుని చాలామంది కొత్తది కొనేస్తారు. ఆగండి. వెంట్రుకలు లోహపు తొడుగులోకి దూరే చోట రెండు వేళ్ళతో నొక్కి చూడండి. గరుగ్గా, ఇసుక ఉన్నట్టు తగిలితే రోగం అక్కడే ఉంది. కడిగినప్పుడు మొన శుభ్రపడింది గానీ వెంట్రుకల మొదలు దగ్గర రంగు మిగిలి ఎండిపోయింది, అది లోపల్నుంచి వెంట్రుకల్ని పక్కలకు నెడుతోంది.

వాటర్ కలర్ కుంచె అయితే బతుకుతుంది. అరచేతిలో మామూలు ఒంటి సబ్బు రుద్దుకుని, గోరువెచ్చని నీళ్ళతో కుంచెను గుండ్రంగా తిప్పండి, మొదలు దగ్గర వేళ్ళతో పిసకండి, కడగండి, మళ్ళీ మొదలుపెట్టండి. నా ఆరో నంబరు కుంచెకి ఇలా చేస్తుంటే నురగ తెల్లగా వచ్చేసింది, సరే అయిపోయిందనుకుని తొడుగు అంచున గోటితో నొక్కాను, సన్నగా నీలం ఊరింది! ఇంకో నాలుగుసార్లు సబ్బు పెడితే గానీ ఆగలేదు. కాబట్టి నురగని నమ్మకండి, ఆ అంచుని నమ్మండి.

అక్రిలిక్ రంగుది వేరే కథ. ఎండితే అది ప్లాస్టిక్ పొరే, నీళ్ళకి లొంగదు. వెంట్రుకలు మాత్రమే మునిగేలా రబ్బింగ్ ఆల్కహాల్‌లో (మందుల షాపులో దొరికే స్పిరిట్) కాసేపు ఉంచి, మెత్తబడిన రంగుని గుడ్డతో లాగి, తర్వాత సబ్బు పెట్టండి. కొన్ని కుంచెలు పూర్తిగా కోలుకోవు. అందుకే అక్రిలిక్‌కి సింథటిక్ (నైలాన్ లాంటి కృత్రిమ వెంట్రుకల) కుంచెలే వాడండి, రంగుని వెంట్రుకల్లో సగం దాటి ఎక్కనివ్వకండి, చేతిలో లేనప్పుడు తడి ఆరనివ్వకండి.

మొన ఒక పక్కకి వంగిపోయిందా? గ్లాసులో తలకిందులుగా నిలబెట్టి వదిలేసి ఉంటారు. సింథటిక్ అయితే బాగా వేడి నీళ్ళలో మొన వరకే కొన్ని సెకన్లు ముంచి, వేళ్ళతో సరిచేసి ఆరనివ్వండి. తొడుగుకి మాత్రం వేడి తగలకూడదు, లోపలి జిగురు వదిలితే వెంట్రుకలు రాలతాయి. జంతువుల వెంట్రుకల కుంచెకి ఈ వేడి వైద్యం వద్దు. తడిపి, పల్చటి తుమ్మబంక నీళ్ళు పట్టించి, మొన తీర్చి, కదపకుండా రెండు రోజులు ఉంచండి. వాడే ముందు కడిగేస్తే బంక పోతుంది.

పిడి వదులై తొడుగు కదులుతుంటే, తడి కుంచెని మొన పైకి ఉండేలా నిలబెట్టి ఆరబెడుతున్నారన్నమాట. నీళ్ళు కిందికి జారి కర్రలోకి దిగి, కర్ర ఉబ్బి, ఎండాక కుంచించుకుపోతుంది. పూర్తిగా ఆరనిచ్చి కాస్త జిగురుతో అతికించండి, ఇకమీదట పడుకోబెట్టి ఆరబెట్టండి. ఆరకుండా డబ్బాలో మూత పెట్టకండి, వానాకాలంలో బూజు పట్టేస్తుంది.

ఆయిల్ కలర్స్ వాడేవాళ్ళకి ఒక్క మాట: కుంచె తుడిచిన అవిసె నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. విడివిడిగా పరిచి, బయట ఆరేయండి.

ఇంత చేసినా మొన కలవకపోతే దాన్ని బొమ్మలో చెట్ల ఆకులకీ, గరుకు రాళ్ళకీ, తడి తక్కువున్న రంగు అద్దడానికీ ఉంచుకుని, సన్నని గీతలకి వేరేది కొనండి. ముంగిస వెంట్రుకలదని ఎవరైనా అంటగడితే మాత్రం తీసుకోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, పైగా ఆ వెంట్రుకల కోసం ముంగిసల్ని చంపుతారు.