‘అంజా ఇస్సొయో’ అంటే కూర్చుని ఉన్నాను

కొరియన్‌లో కూర్చోవడానికి వాడే క్రియ ‘అన్‌తా’. రాతలో నకారం, జకారం ఒకే అక్షరపు అడుగున ఉన్నా, తరువాత హల్లు వస్తే జకారం పలకదు, అచ్చు వస్తే ‘అంజాయో’ అని తిరిగి వినిపిస్తుంది. అది త్వరగానే పట్టుబడింది. నన్ను నెలల తరబడి తిప్పలు పెట్టింది వేరొకటి: కుర్చీలో స్థిరంగా ఉన్నప్పుడు కూడా, ఇంగ్లీషు ‘యామ్ సిట్టింగ్’ అలవాటు కొద్దీ, ‘అన్‌కో ఇస్సొయో’ అనేవాణ్ణి, వినేవారికి అది నడుము వంచి అప్పుడే కూర్చుంటున్నట్లు తోస్తుంది. ‘అంజా’ను ‘కూర్చుని’గా, ‘ఇస్సొయో’ను ‘ఉన్నాను’గా తెలుగులో విడదీసి చూసుకున్నాక ఆ తప్పు పోయింది. (ఇన్నాళ్లూ చుట్టుదారిన నడిచానన్నమాట!) కుర్చీకి (‘ఉయ్‌జా’), పని జరిగే చోటును చెప్పే ‘ఎసొ’ ప్రత్యయం బదులు, ఉన్న చోటును చెప్పే ‘ఎ’ చేర్చి, ‘ఉయ్‌జాఎ అంజా ఇస్సొయో’ అంటున్నాను, పెద్దలను కూర్చోమనడానికి మాత్రం ‘అంజుసెయో’.