క్లబ్బు కాగితాలను అభిమాని చదవడం ఎలా

మాంచెస్టర్‌కు ఉత్తరాన ఉన్న బరీ పట్టణంలో 1885లో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్బు 1900లోనూ 1903లోనూ ఇంగ్లండ్‌లోని ప్రముఖ నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్‌ను గెలుచుకుంది. అటువంటి క్లబ్బు 2018 డిసెంబరులో ఒక్క పౌనుకు చేతులు మారింది. ఆ సీజనులో జట్టు రెండో స్థానంలో నిలిచి పై డివిజనుకు చేరింది గాని, ఆటగాళ్లకు జీతాలు సక్రమంగా అందలేదు. 2019 ఆగస్టు 27న ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ ఆ క్లబ్బును బహిష్కరించింది. జట్టు గెలుస్తున్నంత మాత్రాన క్లబ్బు క్షేమంగా ఉన్నట్టు కాదు కనుక, పాయింట్ల పట్టికతో పాటు క్లబ్బు దాఖలు చేసే కాగితాలను కూడా అభిమాని చూస్తూ ఉండాలి.

మొదట యజమాని ఎవరో తేల్చుకోవాలి. బ్రిటన్‌లోని కంపెనీలన్నిటి వివరాలను అక్కడి ప్రభుత్వ కంపెనీల నమోదు సంస్థ అయిన కంపెనీస్ హౌస్ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. క్లబ్బు పేరుతో వెతికి, 25 శాతానికి మించి వాటా గల వ్యక్తి పేరు చూడండి. అక్కడ వ్యక్తికి బదులు మరో కంపెనీ కనిపిస్తే దాని పేజీకి వెళ్లి, చివరికి ఒక మనిషి పేరు దొరికే వరకు వెతకండి. ఆ గొలుసు విదేశీ సంస్థ దగ్గర తెగిపోతే ఆ విషయాన్ని రాసి పెట్టుకోండి. అదే వ్యక్తి గతంలో నడిపిన కంపెనీల జాబితా కూడా అక్కడే ఉంటుంది. వాటిలో ఎన్ని మూతపడ్డాయో లెక్క పెట్టడం పది నిమిషాల పని. కొనేవారిని లీగ్ పరీక్షించి అనుమతించింది కదా అని ఊరుకోవద్దు. బరీ అమ్మకం జరిగిన నాటి నిబంధనల ప్రకారం, క్లబ్బును నడపడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రుజువు చూపకముందే కొనుగోలు పూర్తి కావడానికి వీలుండేది. కొనేవారి గతాన్ని పరిశీలించడం వేరు, వారి దగ్గర డబ్బుందని నిర్ధారించుకోవడం వేరు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది మైదానం మీద అని నా దృఢమైన అభిప్రాయం. ఆటగాళ్లు వస్తారు, పోతారు. ఊరి మధ్య ఉన్న స్థలం ఒకసారి చేజారితే తిరిగి రావడం చాలా కష్టం. కంపెనీ పేజీలో తనఖాల విభాగం తెరిచి, ఏ ఆస్తిని ఎవరి దగ్గర, ఎప్పుడు తాకట్టు పెట్టారో, ఆ అప్పు తీరిందో లేదో చూడండి. బరీ వారి గిగ్ లేన్ మైదానం అంతకుముందరి యజమాని కాలంలోనే తనఖాలో పడింది. మరో రకమైన ప్రమాదం డర్బీ కౌంటీ అనే ఇంగ్లిష్ క్లబ్బులో కనిపించింది. 2018లో ఆ క్లబ్బు తన ప్రైడ్ పార్క్ స్టేడియాన్ని తన యజమానికే చెందిన మరో కంపెనీకి సుమారు 8 కోట్ల పౌన్లకు అమ్మింది. దానివల్ల ఆ ఏడాది లెక్కలు మెరుగ్గా కనిపించాయి గాని, 2021లో క్లబ్బు దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లింది, మరుసటి ఏడాది దాన్ని కొన్న వ్యక్తి స్టేడియాన్ని విడిగా కొనవలసి వచ్చింది. కాబట్టి మైదానం క్లబ్బు పేరు మీద ఉందా, యజమాని పేరు మీద ఉందా అన్నది తప్పక తెలుసుకోండి.

ఇక వార్షిక లెక్కలు. ప్రైవేటు కంపెనీ తన ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలల్లోగా వీటిని దాఖలు చేయాలి; గడువు దాటిందన్న సూచన కనిపిస్తే అదే మొదటి హెచ్చరిక. తెరవగానే లాభనష్టాల వైపు వెళ్లకుండా ఆడిటర్ నివేదిక చదవండి. సంస్థ కొనసాగగలదా అన్న విషయంలో గణనీయమైన అనిశ్చితి ఉందని అందులో రాసి ఉంటే, యజమాని తన హామీని నిలబెట్టుకోకపోతే క్లబ్బు ఆగిపోవచ్చని అర్థం. తరువాత యజమాని పెట్టిన సొమ్ము వాటా మూలధనంగా వచ్చిందా, అప్పుగా వచ్చిందా చూడండి. అప్పుగా వచ్చినది ఏనాడైనా వెనక్కి అడగగలిగిన సొమ్మే. ఆపై జీతాలను రాబడితో పోల్చండి. ఐరోపా పోటీల్లో ఆడే క్లబ్బులకు జట్టు మీద పెట్టే ఖర్చు రాబడిలో 70 శాతం దాటకూడదని ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ నియమం ఉంది. దిగువ డివిజన్లలో ఉన్న క్లబ్బును చూసేటప్పుడు కూడా అది మంచి కొలత.

మన దేశంలోని క్లబ్బుల విషయానికి వస్తే, కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో కంపెనీ డైరెక్టర్లు, తనఖాల వివరాలు దొరుకుతాయి. దాఖలైన పత్రాలను కొద్దిపాటి రుసుము చెల్లించి చూడవచ్చు. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఏయే క్లబ్బుల మీద నిషేధం ఉందో ఫిఫా బహిరంగంగానే ప్రకటిస్తుంది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ నిషేధానికి గురైంది. 2023-24 సీజనులో జీతాల బకాయిల కారణంగా పలువురు ఆటగాళ్లు వెళ్లిపోగా జట్టు చివరి స్థానంలో మిగిలింది. యాజమాన్యం మారింది, 2025లో ఆ క్లబ్బు కొత్త పేరుతో ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలిలో ఆ జట్టు కోసం గొంతు చించుకున్నవారికి ఆ బాధ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

అనుమానం బలపడ్డాక ఒంటరిగా పోరాడకుండా అభిమానుల ట్రస్టుగా నమోదు కావాలి. ఇంగ్లండ్‌లో 2011 నాటి స్థానికత చట్టం కింద మైదానాన్ని సమాజానికి విలువైన ఆస్తిగా గుర్తించమని స్థానిక కౌన్సిల్‌ను కోరవచ్చు. అలా గుర్తింపు పొందిన స్థలాన్ని అమ్మదలచినప్పుడు, కొనుగోలుకు ముందుకు రావడానికి ట్రస్టుకు గరిష్ఠంగా 6 నెలల వ్యవధి దొరుకుతుంది. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ క్లబ్బు అభిమానులు 2013లో క్లబ్బునే కొనగలిగారు. యాజమాన్యాన్ని అడగవలసిన ప్రశ్నలను రాతపూర్వకంగా, తేదీ వేసి పంపండి: మైదానం ఎవరి పేరు మీద ఉంది, ఈ సీజను చివరి వరకు జీతాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, పన్ను బకాయిలు ఎంత. వచ్చిన జవాబును, రాకపోతే రాలేదన్న సంగతిని, పంపిన ఉత్తరం నకలుతో కలిపి లీగ్‌కూ స్థానిక పార్లమెంటు సభ్యుడికీ అందజేయండి.