గ్రూపులో ఒకరే రాస్తూ ముగ్గురు చూస్తున్నారా? ఇలా చేసి చూడండి

ఎనిమిదో తరగతి లెక్కల క్లాసు, 42 మంది పిల్లలు. నలుగురేసి కూర్చోబెట్టి, బోర్డు మీద ఒక లెక్క వేసి, కలిసి చేయండి అన్నాను. అయిదు నిమిషాలయ్యాక బెంచీల మధ్య తిరిగి చూస్తే ఏ గ్రూపులోనైనా ఒకటే సీను. బాగా చదివే పిల్ల గబగబా రాసేస్తోంది, ఇద్దరు ఆమె నోట్సు చూసి దించుకుంటున్నారు, నాలుగోవాడు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. దీన్నే నేను రెండేళ్ళపాటు గ్రూప్ వర్క్ అనుకున్నాను. నాలుగోవాడికి ఆ రెండేళ్ళలో నేను నేర్పింది ఏమీ లేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. పిల్లల్ని దగ్గర దగ్గరగా కూర్చోబెట్టినంత మాత్రాన వాళ్ళు కలిసి నేర్చుకోరు. పక్కవాళ్ళు నోరు తెరవకపోతే నా పని పూర్తికాదు అనే పరిస్థితి మనం తయారుచేయాలి. కింద చెప్పేవన్నీ దానికోసమే.

మొదట నలుగురి జోలికి పోవద్దు, ఇద్దరితో మొదలుపెట్టండి. మన బడుల్లో పొడవాటి బెంచీలు, జరపడానికి చోటుండదు, అయినా పక్కన ఒకరు ఎలాగూ ఉంటారు కదా. ప్రశ్న అడిగాక ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు, ఎవరికి వాళ్ళు నోట్సులో ఒక్క ముక్కైనా రాయాలి. తర్వాత రెండు నిమిషాలు పక్కవాళ్ళతో మాట్లాడాలి. ఆ తర్వాతే క్లాసు మొత్తానికి చెప్పాలి. అమెరికాలో ఫ్రాంక్ లైమన్ 1981లో 'థింక్, పెయిర్, షేర్' అని పేరు పెట్టింది దీనికే, చాలామంది బీఎడ్‌లో చదివే ఉంటారు. కానీ క్లాసులో మనం ఎగరగొట్టేది సరిగ్గా ఆ మొదటి నిమిషాన్నే. అది లేకపోతే ముందుగా చెయ్యెత్తే నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్ళు ఆలోచించే అవసరమే రాదు. ఇంకో చిన్న మార్పు కూడా చేయండి. ఎవరినైనా లేపినప్పుడు "నీ జవాబేంటి" అని కాకుండా "నీ పక్కన కూర్చున్న అమ్మాయి ఏమంది" అని అడగండి. మొదటి రోజు సగంమంది బిక్కమొహం వేస్తారు, ఎందుకంటే ఎవరూ వినలేదు. వారం తిరిగేసరికి వినడం మొదలుపెడతారు.

ఇక ప్రశ్న. ఇది అన్నిటికంటే ముఖ్యం, దీని మీదే ఎక్కువ టైమ్ పెట్టండి. "భిన్నం అంటే ఏమిటి" అని అడిగితే ఇద్దరూ మాట్లాడుకునేది ఏముంటుంది? ఒకరు పుస్తకంలో చూసి చదువుతారు, అంతే. తప్పు జవాబు కూడా కరెక్టే అనిపించేలాంటి ప్రశ్న కావాలి. ఉదాహరణకు 1/2 + 1/3 ఎంత అని అడిగి మూడు జవాబులు బోర్డు మీద రాయండి: 2/5, 5/6, 1/6. ఎన్నో నంబరు జవాబో పిల్లలు వేళ్ళతో చూపించాలి, అది కూడా చెయ్యి గుండెకు ఆనించి, మీకు తప్ప పక్కవాళ్ళకు కనిపించకుండా. 2/5 అన్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. అప్పుడు జవాబు చెప్పేయకండి, ఎంత నోరు దురద పెట్టినా సరే. "మీ పక్కవాళ్ళని ఒప్పించండి" అని వదిలేయండి. నా క్లాసులో ఒకడు అన్నమాట ఇది: "ఒరేయ్, 2/5 అంటే సగం కూడా కాదు కదరా, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా?" క.సా.గు. పేరెత్తకుండా, హారాల గురించి నేను నాలుగుసార్లు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క వాక్యంతో ఎక్కించాడు.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ఈ పద్ధతిలో పాఠం చెప్పడం మొదలుపెట్టారు. ఆయన పాటించే లెక్క మనకూ పనికొస్తుంది. మొదటిసారి చేతులు చూసినప్పుడు కరెక్టు చెప్పినవాళ్ళు సుమారు 30 శాతం కంటే తక్కువుంటే మాట్లాడించి లాభం లేదు, తెలియనివాళ్ళు తెలియనివాళ్ళతోనే మాట్లాడతారు, పాఠం మళ్ళీ చెప్పాల్సిందే. 70 శాతం దాటితే ముందుకెళ్ళిపోవచ్చు. మధ్యలో ఉంటేనే మాట్లాడించాలి. అంటే 40 మంది క్లాసులో పన్నెండు నుంచి ఇరవై ఎనిమిది చేతులు అనుకోండి.

మాట్లాడించేటప్పుడు ఒకే ఒక్క రూలు గట్టిగా పెట్టండి: నేర్పేవాళ్ళ చేతిలో పెన్ను ఉండకూడదు. లెక్క తెలిసినవాళ్ళు నోటితోనే చెప్పాలి, తెలియనివాళ్ళే రాయాలి. "ఇటివ్వు, నేను చేసిస్తా" అన్న మాట వినబడగానే వెళ్ళి ఆపండి. నోటితో చెప్పాల్సి వచ్చినప్పుడు బాగా చదివే పిల్లలు కూడా తడబడతారు. చేయడం వచ్చు, ఎందుకలా చేస్తామో చెప్పడం రాదు. అక్కడ వాళ్ళు కూడా నేర్చుకుంటారు.

జంటలు ఎలా వేయాలి? క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్లనీ అందరికంటే వెనకబడ్డ పిల్లవాడినీ కలపాలని మనకు ముందు తోస్తుంది. అలా చేయకండి. ఇద్దరి మధ్య దూరం మరీ ఎక్కువైతే ఒకరికి విసుగు, ఇంకొకరికి సిగ్గు. బాగా చదివేవాళ్ళని మధ్యస్థంగా ఉన్నవాళ్ళతో, మధ్యస్థంగా ఉన్నవాళ్ళని వెనకబడ్డవాళ్ళతో వేయండి. అలాగని ఎవరితో కూర్చోవాలో పూర్తిగా పిల్లలకే వదిలేయడం కూడా మంచిది కాదు. వదిలేస్తే ఊళ్ళో ఏ వీధివాళ్ళు ఆ వీధివాళ్ళతోనే కూర్చుంటారు, ఆ గీతలే క్లాసులోకి వచ్చేస్తాయి, ఎందుకో మీకూ తెలుసు. మూడు వారాలకోసారి మీరే మార్చండి, ముందుగా చెప్పి మార్చండి. ఆడపిల్లలు, మగపిల్లలు విడివిడిగా కూర్చునే బడైతే బలవంతంగా కలపక్కర్లేదు, ముందు బెంచీ వెనక్కి తిరిగి మాట్లాడితే నలుగురవుతారు, మెల్లగా అలవాటవుతుంది.

ఇలాంటి గీతలు చెరపడానికే ఒక పద్ధతి పుట్టింది. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్లవాళ్ళ పిల్లలూ తెల్లవాళ్ళ పిల్లలూ ఒకే బడిలోకి వచ్చి గొడవలవుతుంటే, ఎలియట్ అరోన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇచ్చాడు. దాన్నే జిగ్సా అంటారు. సోషల్‌కి ఇది భలే కుదురుతుంది. నదుల పాఠం తీసుకోండి. నలుగురి గ్రూపులో ఒకరికి గోదావరి, ఒకరికి కృష్ణ, ఒకరికి తుంగభద్ర, ఒకరికి పెన్న. ముందు గోదావరి వచ్చినవాళ్ళందరూ ఒకచోట చేరి తమ పేజీ చదువుకుంటారు, మిగతా నదులవాళ్ళూ అంతే. పది నిమిషాలయ్యాక సొంత గ్రూపుకి తిరిగొచ్చి తమ నది గురించి మిగతా ముగ్గురికీ చెప్తారు. ఆఖర్న నాలుగూ తెలిస్తే తప్ప రాయలేని ప్రశ్న ఒకటి ఇవ్వండి: ఈ నాలుగింటిలో పడమటి కనుమల్లో పుట్టనిది ఏది, దాని నీళ్ళకీ మిగతావాటి నీళ్ళకీ తేడా ఎందుకు? జవాబు పెన్న, నంది కొండల్లో పుట్టి, వానలు తక్కువ పడే రాయలసీమ గుండా వస్తుంది. కానీ పెన్న ముక్క వచ్చిన పిల్లవాడొక్కడికే ఇది తేలదు, మిగతా ముగ్గురూ చెప్పేది వినాలి. రోజూ నోరు విప్పని పిల్లవాడికి పెన్న ఇచ్చి చూడండి. ఆ రోజు ముగ్గురూ వాడి మాట కోసం ఆగుతారు.

గోల గురించి. గోల అవుతుంది, పక్క క్లాసు టీచర్ తొంగి చూస్తారు. ముందే హెడ్ మాస్టారికి చెప్పి ఉంచండి. చెయ్యి పైకెత్తితే అందరూ చెయ్యెత్తి ఆపాలి అనే గుర్తు ఒకటి పెట్టుకుని, పాఠం లేకుండా ఉత్తగా రెండు మూడుసార్లు ప్రాక్టీస్ చేయించండి. అరవడం కంటే ఇది నయం.

"మా అమ్మాయి టైమంతా పక్కవాళ్ళకి చెప్పడానికే పోతోంది" అని తల్లిదండ్రులు అంటారు. ఆ మాటని కొట్టిపారేయకండి, అందులో నిజం ఉండొచ్చు. 1790ల్లో మద్రాసు ఎగ్మోరులో ఆండ్రూ బెల్ అనే ఆయన, ఇక్కడి బడుల్లో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, అనాథ పిల్లల బడిలో పిల్లలతోనే పిల్లలకి పాఠం చెప్పించాడు. అది ఇంగ్లండ్ దాకా పాకింది, ఎందుకంటే టీచర్ల ఖర్చు తగ్గింది. మనం చేసేది అది కాకూడదు. జాతీయ విద్యా విధానం 2020 కూడా పిల్లలు పిల్లలకు నేర్పడం ఇష్టపూర్వకంగా, టీచర్ పర్యవేక్షణలోనే జరగాలంది. మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీవాళ్ళు పల్లె బడుల కోసం తయారుచేసిన పద్ధతిలోనూ టీచర్ దగ్గరుండి నేర్పే గుంపు ఒకటి, తోటిపిల్లల సాయంతో నేర్చుకునే గుంపు ఇంకొకటి, ఎవరికి వాళ్ళు చేసుకునే గుంపు వేరొకటి ఉంటాయి, పాఠాలు చిన్న చిన్న కార్డుల మీద ఉంటాయి, కార్డు మారితే పిల్లలు గుంపు మారతారు. ఎప్పుడూ ఒకరే చెప్పడం, ఒకరే వినడం ఉండదు.

మార్కులు మాత్రం గ్రూపుకి వేయకండి. క్లాసు చివర అయిదు నిమిషాలు మిగుల్చుకుని, ఎవరికి వాళ్ళు, చిన్న కాగితం మీద, రెండే లెక్కలు చేయించండి. ఒకటి క్లాసులో చేసినలాంటిది, రెండోది అంకెలు మార్చినది. ఆ కాగితాలు ఇంటికి తీసుకెళ్ళి దిద్దక్కర్లేదు, స్టాఫ్ రూమ్‌లో మూడు కుప్పలుగా వేస్తే చాలు: వచ్చినవాళ్ళు, సగం వచ్చినవాళ్ళు, రానివాళ్ళు. రేపు ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఆ కుప్పలే చెప్తాయి.