మానవ రైబోజోమ్ ప్రోటీన్ శుద్ధి, 5వ పాఠం: 280 ఒక్కటే చూస్తే

పోయిన పాఠం చివర ఆర్‌పీఎస్19 అనే రైబోజోమ్ ప్రోటీన్‌కి మీ ఎల్యూషన్ (కాలమ్ నుంచి దింపిన ద్రవం) రీడింగులు, అంటే అది ఎంత అతినీలలోహిత కాంతిని పీల్చుకుందో ఆ అంకెలు, పంపమన్నాను. చాలామంది 280 నానోమీటర్ల దగ్గర వచ్చిన అంకె ఒక్కటే పంపారు. 260 కూడా రాసినవాళ్లలో ఎక్కువమందికి అదే 280 కన్నా పెద్దగా వచ్చింది, అంటే ప్రోటీన్‌తో పాటు ఆర్‌ఎన్‌ఏ కూడా దిగిందన్నమాట. అయినా "దిగుబడి బాగుంది సార్" అని కింద రాశారు! ఈసారి అయాన్ ఎక్స్‌చేంజ్ కాలమ్ చెప్పాల్సింది, దాన్ని వాయిదా వేస్తున్నాను.

ఆర్‌పీఎస్19లో 145 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 16 కిలోడాల్టన్లు. లైసిన్, ఆర్జినిన్ ఎక్కువ కాబట్టి మన బఫర్‌లో దాని మీద ధనావేశం ఉంటుంది. రైబోజోమ్ ప్రోటీన్లలో చాలావరకు అంతే. ఆర్‌పీఎల్41 అయితే మరీ విపరీతం, ఉన్న 25 అమైనో ఆమ్లాల్లో 17 ఈ రెండే. రైబోజోమ్‌లో ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని ఉండాల్సిన ప్రోటీన్ ఈ-కోలై బ్యాక్టీరియాలో తయారైనా ఊరుకోదు. అక్కడి ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని మరీ, మన ప్రోటీన్‌ని ఆపే నికెల్ కాలమ్ మీదికి వస్తుంది, ఎల్యూషన్‌లో దాన్ని వెంటేసుకునే దిగుతుంది.

అసలు చిక్కు లెక్కలో ఉంది. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఆర్‌పీఎస్19 ఉంటే 280 దగ్గర రీడింగు దాదాపు 1.06. 280 దగ్గర కాంతిని పీల్చే అమైనో ఆమ్లాలు, అంటే అందులోని 2 ట్రిప్టోఫాన్లు, 4 టైరోసిన్ల వల్ల వచ్చే అంకె అది. అదే ఒక మిల్లీగ్రాము ఆర్‌ఎన్‌ఏ అయితే 260 దగ్గర 25, 280 దగ్గర పన్నెండున్నర చూపిస్తుంది. అంటే ప్రోటీన్‌లో పదిహేనో వంతు ఆర్‌ఎన్‌ఏ కలిసినా రీడింగు ఇంచుమించు రెట్టింపవుతుంది.

నేను వాడే అడ్డదారి ఇది. స్వచ్ఛమైన ఆర్‌ఎన్‌ఏకి 280 దగ్గర వచ్చేది 260లో సగం. కాబట్టి 280 అంకెలోంచి 260లో సగం తీసేయండి. అలా తీసేటప్పుడు ప్రోటీన్ సొంత వాటా కూడా కొంత పోతుంది. ప్రోటీన్‌కి 260 దగ్గర సుమారు 0.60 వస్తుంది, అందులో సగం 0.30. 1.06లో అది పోగా మిగిలేది 0.76. వచ్చిన తేడాని ఈ 0.76తో భాగించండి.

ఒకరు పంపిన రీడింగులు: 280 దగ్గర 1.8, 260 దగ్గర 2.2. ఆయన 1.8ని 1.06తో భాగించి మిల్లీలీటరుకు 1.7 మిల్లీగ్రాములని రాశారు. 1.8లోంచి 1.1 తీస్తే 0.7, దాన్ని 0.76తో భాగిస్తే 0.92. సగానికి కాస్త పైన, అంతే. ఇది అంచనాయే, కానీ 1.7 కన్నా చాలా నయం.

బ్రాడ్‌ఫర్డ్ (రంగు మార్పుతో ప్రోటీన్ కొలిచే పరీక్ష) చేస్తే సరిపోదా అని అడగబోతారు. ఆ రంగు ముఖ్యంగా ఆర్జినిన్‌నే పట్టుకుంటుంది. బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) స్టాండర్డ్‌తో పోలిస్తే మన ప్రోటీన్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. నాకు నమ్మకం ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసే ఎస్‌డీఎస్ జెల్ మీద, పక్క వరుసల్లో బీఎస్‌ఏ పలచన చేసి పెట్టి పోల్చుకుంటాను.

ఆర్‌ఎన్‌ఏని వదిలించుకోవడం కష్టమేం కాదు. ప్రోటీన్ కాలమ్ మీద ఉండగానే 1 మోలార్ ఉప్పు, 20 మిల్లీమోలార్ ఇమిడజోల్ (ఎక్కువైతే ప్రోటీన్‌ని నికెల్ నుంచి విడిపించేది) ఉన్న బఫర్‌తో కాలమ్ ఘనపరిమాణానికి పది రెట్లు కడగండి. తర్వాత ఉప్పు 300 మిల్లీమోలార్‌కి తెచ్చి ఎల్యూట్ చేయండి. బ్లాంక్‌గా (సున్నా రీడింగు కోసం) నీళ్లు కాదు, ఎల్యూషన్ బఫరే పెట్టాలి, ఇమిడజోల్ కూడా కొంత కాంతిని పీల్చుకుంటుంది. ఆర్‌ఎన్‌ఏస్ (ఆర్‌ఎన్‌ఏని కోసే ఎంజైమ్) వేసి తేలిగ్గా బయటపడదామనుకోకండి. రేపు ఆర్‌ఎన్‌ఏ బైండింగ్ ప్రయోగం చేసేటప్పుడు మిగిలిపోయిన ఆ ఎంజైమే మీరు వాడే ఆర్‌ఎన్‌ఏ ముక్కని (ప్రోబ్‌ని) తినేస్తుంది.

ఆర్‌ఎన్‌ఏ పోయాక ఉప్పు మరీ తగ్గిస్తే ట్యూబులో తెల్లటి మసక రావచ్చు. నేను డయాలసిస్‌లో (బఫర్ మార్చేటప్పుడు) ఉప్పుని 300 మిల్లీమోలార్ కన్నా కిందికి దించను.

అభ్యాసం: మూడు ఫ్రాక్షన్లు (కాలమ్ నుంచి విడివిడిగా పట్టిన భాగాలు) ఇస్తున్నాను. 280, 260 రీడింగులు వరుసగా: మొదటిది 0.95, 0.62; రెండోది 0.40, 0.76; మూడోది 1.06, 0.60. ప్రతిదానిలో ప్రోటీన్ ఎంతో, ఆర్‌ఎన్‌ఏ ఎంతో లెక్కకట్టండి. రెండోది ప్రోటీన్ ఫ్రాక్షనని రాసేవాళ్లు ఈ పాఠం మళ్లీ చదవాలి. ఆపైన ఆర్‌పీఎల్11 అనే ఇంకో రైబోజోమ్ ప్రోటీన్ సీక్వెన్స్ (అమైనో ఆమ్లాల వరుస) తీసుకుని ట్రిప్టోఫాన్‌కి 5500, టైరోసిన్‌కి 1490 చొప్పున కలిపి, బరువుతో భాగించి, 0.76 స్థానంలో ఏ అంకె వాడాలో మీరే తేల్చండి. 260 వాటా కోసం 280 అంకెని 0.57తో గుణించండి. ట్రిప్టోఫాన్ లేని ప్రోటీన్‌కి ఈ 0.57 ఎందుకు పనికిరాకపోవచ్చో కూడా రెండు వాక్యాల్లో రాయండి.