గుంపుగా తిరిగే చిన్న చేపలను అక్వేరియానికి ఎంచుకోవడం ఎలా?

చేపలను జతల లెక్కన కొనే అలవాటు మనలో చాలామందికి ఉంది. రెండు నియాన్లు, రెండు జీబ్రాలు, రెండు బార్బులు అంటూ కవర్లలో కట్టించుకుని వచ్చి, నెల తిరగకుండానే సగం పోగొట్టుకుంటాము. టెట్రాలు, రాస్బోరాలు, డానియోలు, బార్బులు గుంపులో బతికే చేపలు. చుట్టూ తమ జాతివి లేకపోతే అవి మొక్కల వెనుక నక్కి, మేత సరిగా తినక, రంగు వెలిసిపోయి జబ్బు పడతాయి. అందువల్ల ఒక జాతిని ఎంచుకుంటే కనీసం ఆరు, వీలైతే ఎనిమిది నుంచి పది వరకు తీసుకోవాలి. అంత చోటు లేకపోతే ఆ జాతిని మానుకోవాలి.

చోటు ఎంతో ముందే లెక్క వేసుకోవచ్చు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో లెక్క ప్రకారం 56 లీటర్లు పట్టాలి గానీ, అడుగున ఇసుక, రాళ్ళు, పైన వదిలే ఖాళీ పోగా మిగిలేది దాదాపు 45 లీటర్లే. అందులో పది నియాన్ల గుంపు ఒకటి హాయిగా ఉంటుంది. రెండో జాతి గుంపు గురించి మూడడుగుల ట్యాంకు కొన్నాక ఆలోచించడం మేలు.

చేపను చూసి నీటిని మార్చుకోవడం కన్నా, ఇంట్లో ఉన్న నీటిని చూసి చేపను ఎంచుకోవడం చాలా సులువు. బకెట్టు అంచున తెల్లటి చార కట్టే, సబ్బుకు నురగ రాని బోరు నీరు కఠిన జలం. అమెజాన్ పరీవాహక ప్రాంతపు మెత్తని, కాస్త ఆమ్ల గుణమున్న నీటికి అలవాటైన నియాన్ టెట్రాకు అది ఏమాత్రం సరిపడదు. ఆర్ఓ నీరు కలిపి కాఠిన్యాన్ని తగ్గించవచ్చు గానీ, నీరు మార్చిన ప్రతిసారీ అదే పాళ్ళలో కలపవలసి ఉంటుంది. అంత ఓపిక లేనివారికి జీబ్రా డానియో మంచిది. 1822లో హామిల్టన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త గంగా పరీవాహక ప్రాంతపు చేపల గురించి రాసిన గ్రంథంలో వర్ణించిన ఈ చేప మన ఉపఖండానిదే. నీటిలో కొంత తేడా వచ్చినా తట్టుకుంటుంది. అయితే క్షణం నిలవకుండా ఈదుతుంది కనుక దానికి ఎత్తు కన్నా పొడవు ఎక్కువ ఉన్న ట్యాంకు కావాలి. శ్రీలంకకు చెందిన చెర్రీ బార్బ్ అయితే నెమ్మదైన చేప.

నీటి తర్వాత చూడవలసింది ఎండాకాలం. మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు నీరు 32 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. నియాన్‌కు 20 నుంచి 26 డిగ్రీలు అనుకూలం. దానికి దగ్గరి చుట్టమైన కార్డినల్ టెట్రా అంతకంటే కాస్త వెచ్చని నీటిలోనూ బాగుంటుంది కాబట్టి, మెత్తని నీరు ఉన్నవారు దాన్నే తీసుకోవాలని నా అభిప్రాయం. ఈ రెండింటినీ గుర్తుపట్టడం కష్టం కాదు. నియాన్‌కు ఎర్రటి చార ఒంటి వెనుక సగంలోనే ఉంటుంది, కార్డినల్‌కు తల దగ్గర నుంచి తోక దాకా ఉంటుంది.

ఇక పొత్తుల సంగతి. ఒకప్పుడు నేను నాలుగు టైగర్ బార్బులను ఒక ఏంజెల్ చేపతో కలిపి పెట్టాను. “అన్నీ కలిసిపోతాయి సార్” అని దుకాణదారు భరోసా ఇచ్చాడు. మూడో రోజు ఉదయానికి ఏంజెల్ పొట్ట కింద దారాల్లా వేలాడే రెండు రెక్కలూ సగానికి తెగి ఉన్నాయి. టైగర్ బార్బులను ఎనిమిదికి పైగా పెంచితే తమలో తాము తరుముకుంటూ ఇతరుల జోలికి తక్కువగా పోతాయి, అయినా పొడవాటి రెక్కల చేపల పక్కన వాటిని ఉంచకూడదు. ఏంజెల్ కూడా అమాయకురాలేమీ కాదు. పెద్దదయ్యాక నియాన్లను మింగేస్తుంది.

దుకాణంలో తొందరపడవద్దు. గుంపుకు దూరంగా ఒంటరిగా ఈదేవి, పొట్ట లోపలికి పోయినవి, రెక్కలు ముడుచుకున్నవి, ఒంటిపై బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలున్నవి ఒక్కటి కనిపించినా ఆ తొట్టిలోని చేపలేవీ కొనకూడదు. కొంచెం మేత వేయమని అడిగితే, ఆరోగ్యంగా ఉన్నవి ఎగబడి తింటాయి. అప్పుడే లైటు వేసినప్పుడు నియాన్లు పాలిపోయి కనిపించడం మాత్రం సహజం. చీకటిలో వాటి రంగు తగ్గుతుంది, కాసేపటికి తిరిగి వస్తుంది. చార మధ్యలో తెల్లటి మచ్చ ఏర్పడి అలాగే ఉండిపోతే అది మందు లేని నియాన్ వ్యాధి కావచ్చు. గులాబీ, పచ్చ రంగులు ఎక్కించిన గాజు చేపలను, అంటే ఒళ్ళు పారదర్శకంగా ఉండే గ్లాస్ ఫిష్‌లను, కొననేవద్దు; ఆ రంగు కొన్నాళ్ళకు పోతుంది, ఎక్కించేటప్పుడు చేప పడిన బాధ వేరు.

కొత్త ట్యాంకులో నీళ్ళు నింపి ఫిల్టరు ఆడించినంత మాత్రాన అది సిద్ధం కాదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరులో పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు లేకుండానే చిటికెడు మేత వేస్తూ ఆ బాక్టీరియాను పెంచి, నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే చేపలను తేవాలి. కుళాయి నీటికి క్లోరిన్ పోగొట్టే మందు తప్పనిసరి. తెచ్చిన కవరును ఇరవై నిమిషాలు ట్యాంకులో తేలనిచ్చి, కొద్దికొద్దిగా ట్యాంకు నీరు కలిపి, చేపలను మాత్రమే వలతో లోపలికి వదిలి, కవరులోని నీటిని పారబోయాలి.

మొదటి రోజుల్లో అవి ఒకే ముద్దగా తిరుగుతుంటే ముచ్చటగా ఉంటుంది గానీ, అది భయానికి గుర్తు. బెరుకు తీరాక తలో వైపు విడివిడిగా మేస్తాయి, గాజుపై నీడ పడితే ఒక్కసారిగా దగ్గరవుతాయి. వారాలు గడిచినా ముద్ద విడకపోతే మరో నాలుగు అదే జాతి చేపలనూ, ఒక గుబురు మొక్కనూ చేర్చి చూడండి.