ఏడీహెచ్‌డీతో పాటు ఆందోళన కూడా ఉంటే: సమస్యలు, పరిష్కారాలు

ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, కుదురులేనితనం, తొందరపాటు ప్రధానంగా కనిపించే రుగ్మత) ఉన్న పెద్దల్లో ఆందోళన రుగ్మత అరుదేమీ కాదు. 2006లో వెలువడిన అమెరికా జాతీయ సర్వే ప్రకారం వారిలో దాదాపు 47 శాతం మందికి ఏడాది కాలంలో అది కనిపించింది. రెండింటి లక్షణాలూ పైకి ఒకేలా ఉంటాయి కాబట్టి, ఏ ఇబ్బందికి ఏది మూలమో ముందు తేల్చుకోవాలి.

సమస్య: ఆదాయపు పన్ను రిటర్ను గడువు ముంచుకొస్తున్నా పని మొదలు కాదు.
కారణం: కాగితాలు ముందు పెట్టుకోగానే మనసు మరోదాని మీదికి జారిపోతుంటే అది చాలావరకు ఏడీహెచ్‌డీ, "తప్పు పోతే ఎలా" అన్న ఒక్క ఆలోచన చుట్టూనే తిరుగుతుంటే ఆందోళన.
పరిష్కారం: మొదటిదైతే, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకొని, ఫారం-16 వెతికి తీయడం వరకే ఈ రోజు పనిగా పెట్టుకోండి. రెండోదైతే ఆ భయాన్ని ఒక వాక్యంగా రాసి, దిద్దుకునే దారిని దాని కిందే రాయండి. రిటర్నును సవరించి మళ్లీ దాఖలు చేసే వీలుంది కదా.

సమస్య: తాళం వేశామో లేదోనని పదేపదే వెనక్కి వెళ్లడం.
నిజంగానే మరిచిపోయిన రోజులు ఉన్నందువల్ల ఈ అనుమానానికి బలం వస్తుంది. వేసేటప్పుడు "తాళం వేశాను" అని పైకి అని, ఒక్కసారి లాగి చూసి కదలండి. చూసినకొద్దీ అనుమానం పెరుగుతుంది.

సమస్య: ఆందోళనకు మందు వాడాక మనసు తేలికపడింది గానీ, పనులు మునుపటికన్నా ఎక్కువగా మరుపున పడుతున్నాయి.
కారణం: తప్పంతా మందుదేనని చాలామంది దాన్ని మానేస్తారు, నా దృష్టిలో అది తొందరపాటు. ఏళ్ల తరబడి గడువులను గుర్తుచేసింది, ఇంటి నుంచి అరగంట ముందే బయల్దేరదీసింది ఆ భయమే కావచ్చు. అది తగ్గేసరికి, దాని చాటున ఉన్న ఏడీహెచ్‌డీ బయటపడుతుంది. ఆందోళనకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు ఏడీహెచ్‌డీకి చికిత్స కావు.
పరిష్కారం: భయం చేసిన పనిని ఫోన్ అలారానికి, తలుపు మీద అంటించిన కాగితానికి అప్పగించండి. ఈ మార్పును డాక్టరుకు వివరంగా చెప్పండి. ఏడీహెచ్‌డీ నిర్ధారణకు లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి కనుక, బడి నాటి ప్రోగ్రెస్ కార్డులు, అమ్మానాన్నల జ్ఞాపకాలు పనికొస్తాయి.

సమస్య: ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మందు మొదలుపెట్టాక గుండె దడ.
ఆ మందు గుండె వేగాన్ని, రక్తపోటును కొంత పెంచగలదు. కాఫీ, టీ తోడైతే దడను ఆందోళనగా పొరబడడం తేలిక. మాత్ర వేసుకున్న సమయాన్నీ దడ వచ్చిన సమయాన్నీ రాసిపెట్టుకొని, కాఫీ తగ్గించి, డాక్టరును కలవండి. మోతాదు మార్చడమో, ప్రభావం కనిపించడానికి వారాలు పట్టే మరో ఏడీహెచ్‌డీ మందు అటోమాక్సెటిన్ ఇవ్వడమో ఆయన నిర్ణయిస్తారు. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మానసిక వైద్యుడు అందుబాటులో లేకపోతే, 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.